నోరు మూసుకుని విన్న కథలు

గొంతు బొంగురుపోతే జలుబే అనుకున్నాను. మూడు వారాలు దాటినా తగ్గకపోయేసరికి మా ఆవిడ పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి పంపింది. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దించి చూశారు. స్వరతంత్రి అంచున పాలిప్, అంటే కండ పెరిగింది. మగవాళ్ళు మాట్లాడుతుంటే ఆ తంత్రులు సెకనుకి దాదాపు వందసార్లు కంపిస్తాయట. మధ్యలో చిన్న కండ అడ్డుపడినా సరిగ్గా మూసుకోవు, గాలి లీకవుతుంది.

"టీచరా? బాగా అరుస్తారా?" అని అడిగారు. కథలు రాస్తానన్నాను. రాసేవాడికి గొంతెందుకు పోతుందని ఆయన మొహంలో అనుమానం. రోజూ రాత్రి పిల్లలకి కథ చెబుతూ రాక్షసుడిలా గర్జిస్తానని చెప్పడానికి సిగ్గేసింది.

మత్తిచ్చి నోట్లోంచే సర్జరీ చేశారు. బయట కోత లేదు. తీసిన ముక్క బయాప్సీకి వెళ్ళింది. రిపోర్ట్ వచ్చేదాకా పడే టెన్షన్ పడ్డవాళ్ళకే తెలుసు. మామూలు పాలిపేనని తేలింది.

అసలు పరీక్ష ఆ తర్వాతి వారం. ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దన్నారు, వాటికీ గొంతు బిగుసుకుంటుందట.

"రాసివ్వు నాన్నా, అక్క చదువుతుంది" అన్నాడు చిన్నాడు. తోక పారేసుకున్న పులి కథ రాసిచ్చాను. నాకు తెలిసిన పనే కాబట్టి వాక్యాలు బాగానే కుదిరాయి. అక్క చక్కగా చదివింది. వాడు మధ్యలో లేచి, "తోక కొంగ దగ్గరుందేమో?" అన్నాడు. కాగితంలో కొంగ లేదు. "అయితే ఇది మన పులి కాదు" అని అటు తిరిగి పడుకున్నాడు. నిజమే, ఆ పులి ఎప్పుడూ వాడు అనుమానించిన వాళ్ళింటికే వెళ్ళేది. ఇవన్నీ పుస్తకంగా వెయ్యమని మిత్రులంటారు. వేస్తే నా వాటా సగమే వస్తుంది, మిగతా సగం ఎవరు రాస్తారు?

మర్నాటి నుంచి కథ వాళ్ళే చెప్పారు. నేను ఊ కొట్టాలి. అదీ కుదరదు కాబట్టి దుప్పటి మీద వేలితో తట్టేవాణ్ణి. తట్టడం ఆలస్యమైతే, "నాన్న నిద్రపోయాడు" అని ఫిర్యాదు వాళ్ళమ్మకి వెళ్ళేది. వాళ్ళ కథల్లో నీతి ఉండదు, ముగింపు ఉండదు, తిండి మాత్రం చాలా ఉంటుంది.

వారం తర్వాత వాయిస్ థెరపీ మొదలైంది. నీళ్ళలో స్ట్రా పెట్టి శబ్దం చేస్తూ ఊదడం, నోరు మూసుకుని 'మ్' అనడం. ఆ రెండోది నాకు బాగా కలిసొచ్చింది. రాత్రి కథకి అదే ఊ అయింది, ప్రాక్టీసూ అయింది.

ఇప్పుడు గొంతు దాదాపు మామూలుగానే ఉంది. గర్జనలు మాత్రం మానెయ్యమన్నారు థెరపిస్ట్. రాక్షసుడి పాత్ర చిన్నాడు తీసుకున్నాడు. పులికి ఇప్పటికి రెండు తోకలు దొరికాయి. ఒకటి చాలదా అంటే, మూడోది కూడా కొంగ దగ్గరే ఉందంటున్నారు.