నరాల టెస్టుకు పోయేముందు
నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఏళ్లకేళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు కాళ్లు బిగుసుకుపోతే ఎన్‌సీఎస్ (చర్మం మీద చిన్న కరెంటు ఇచ్చి నరం వేగం కొలిచే టెస్టు) ఒక్కటే చేసి ఆగొద్దు. వెన్నుపాము నలుగుతున్నా ఆ టెస్టు నార్మల్‌గా రావచ్చు. మెడ, వెన్ను ఎమ్మారై కావాలి. ముంజేయి ఎక్స్‌రే చవకే: రెండెముకల మధ్య పొర సున్నం పట్టినట్టు తెల్లగా కనబడితే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బు) అనుమానం బలపడుతుంది.

చేతి తిమ్మిర్లకైతే ఎన్‌సీఎస్ సరే. కానీ ఏసీ గదిలో చల్లబడ్డ చెయ్యి మోసం చేస్తుంది. చర్మం వేడి ఒక్క డిగ్రీ తగ్గితే నరం వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు పడిపోతుంది, లేని జబ్బు రిపోర్టులోకెక్కుతుంది. 32 డిగ్రీల కన్నా తక్కువుంటే గోరువెచ్చని నీళ్లలో పెట్టి మళ్లీ కొలవాలి. కొబ్బరినూనె రాసుకుని పోతే ఎలక్ట్రోడ్ సరిగా అంటదు.

నరానికి దెబ్బ తగిలిన మూడోరోజే సూది టెస్టంటే (కండరంలో సూది గుచ్చి చేసే ఈఎంజీ) తొందరే. కండరంలో అసలు మార్పులు కనబడ్డానికి 2–3 వారాలు పడుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సూది గుచ్చకముందే చెప్పాలె.