మామ్మ చేత్తో మామ్మనే తిననివ్వండి

"పరాయి దేశంలో ముక్కూ మొహం తెలియని ముసలాళ్ళకి చాకిరీ చేస్తావు గానీ, సొంత మామ్మకి నాలుగు ముద్దలు కలిపి పెట్టడానికి నీకు చేతులు రాలేదటే?"

సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు మా మేనత్త అన్న మాట ఇది. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి అప్పుడే వచ్చింది, చేతిలో సంచి కూడా ఇంకా దించలేదు. ఇంటి నిండా చుట్టాలు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు కాబట్టి అప్పటికి ఊరుకున్నాను. ఫిన్లాండ్ తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదలడం లేదు. డ్యూటీలో ఎవరి ముందైనా కంచం పెట్టినప్పుడల్లా గుర్తొస్తోంది. అందుకే రాస్తున్నాను.

మామ్మకి పక్షవాతం వచ్చి ఎడం వైపు పడిపోయింది. కుడి చెయ్యి బాగానే ఉంది. ఆ చేత్తో జపమాల తిప్పుతుంది, టీవీ రిమోట్ నొక్కుతుంది, మనవలు దగ్గరికొస్తే తల నిమురుతుంది. అన్నం మాత్రం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు కలిపి నోట్లో పెట్టాల్సిందే. ఆ రోజు నేను ఆవిడని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనేట్టు చూసి, పడిపోయిన చేతిని బల్ల మీద ఆనించి, కంచం జరగకుండా కింద తడిగుడ్డ వేసి చారన్నం పెట్టాను. మొదటి ముద్ద దారిలోనే ఒళ్ళో పడింది. రెండోది పెదవి దాకా వచ్చి చీర మీదికి జారింది. మూడోది నోట్లోకి వెళ్ళింది. మామ్మ నిదానంగా నమిలి, మింగి, వేళ్ళు నాక్కుంది. ఇన్నాళ్ళూ ఆ వేళ్ళకి అన్నం తగలనేలేదు. అత్తకి మాత్రం చీర మీది మెతుకులే కనిపించాయి.

నేను టాంపెరెలో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో ప్రాక్టికల్ నర్సుని. ఇక్కడివాళ్ళు లాహిహొయితాయ అంటారు. మావారి ఉద్యోగం కోసం వచ్చాం. అమలాపురంలో చదివిన బీకాం ఇక్కడ ఎందుకూ పనికిరాక ముందు భాష నేర్చుకుని, తర్వాత ఈ కోర్సులో చేరాను. "అక్కడ ఆయా పనంట" అని ఊళ్ళో అనుకుంటారని తెలుసు. ఆయా పని తక్కువదని నేననను. మా రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి అక్కడి ఇళ్ళలో ముసలివాళ్ళని, పసివాళ్ళని సాకిన ఆడవాళ్ళ కష్టంతోనే ఎన్నో డాబాలు లేచాయి. పాపం, వాళ్ళకి ఆ పని ఎవరూ నేర్పలేదు. నాకు నేర్పారు. ఫిన్లాండ్‌లో అంతకుముందు విడివిడిగా ఉన్న సహాయ నర్సు, పిల్లల సంరక్షణ, ఇంటి సంరక్షణ లాంటి కోర్సుల్ని కలిపి 1993లో ఈ చదువు మొదలుపెట్టారు. మొత్తం 180 పాయింట్లు, అంటే మన క్రెడిట్ల లాంటివి. పరీక్షలు పని జరిగే చోటే ఉంటాయి. మనం పని చేస్తుంటే టీచరూ, అక్కడి ఉద్యోగీ పక్కన నిలబడి చూస్తారు. పాసై, పేరు జాతీయ రిజిస్టరులో ఎక్కితేనే ఆ హోదా వాడుకోవాలి.

ఆ చదువులో నన్ను అన్నిటికన్నా ఏడిపించింది ఒకే ఒక్క నియమం. మనిషి తనంతట తాను చేసుకోగలిగింది మనం చేసిపెట్టకూడదు. మందుల లెక్కలంటే కూర్చుని సాధన చేస్తే వచ్చేశాయి. ఇది అలా రాలేదు. ఒక పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. వేలు గుండీ మీద నుంచి జారిపోతూనే ఉంటుంది. నేను పక్కనే ఉండాలి, కానీ చెయ్యి వెయ్యకూడదు. పెద్దవాళ్ళు మంచినీళ్ళకి లేచేలోపే గ్లాసు చేతికివ్వాలని నేర్చుకుంటూ పెరిగినదాన్ని, నాకు ప్రాణం కొట్టుకుపోయేది. ఆయన మాత్రం చివరి గుండీ పెట్టుకుని కాలరు సర్దుకునేవాడు. ప్రతి మనిషికీ ఒక ప్లాన్ ఉంటుంది. ఈవిడ మొహం తనే కడుక్కుంటుంది, వీపు మనం కడగాలి, ఇలా. డ్యూటీ దిగేముందు ఆ రోజు వాళ్ళంతట వాళ్ళు ఏం చేసుకున్నారో రాసి దిగాలి.

వాడని చెయ్యి బిగుసుకుపోతుంది. మంచాన పడ్డ పెద్దవాళ్ళకి కండ రోజుల్లోనే కరగడం మొదలవుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకి మింగడంలో ఇబ్బంది ఉండొచ్చు, పడుకోబెట్టి గబగబా పెట్టిన ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా. ఇవన్నీ అత్తకి తెలిసే అవకాశం ఎక్కడిది? ఆస్పత్రిలో మందుల చీటీ ఇచ్చారు గానీ, మనిషిని ఎలా కూర్చోబెట్టాలో ఎవరూ చూపించలేదు.

అయితే అత్తని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఫిన్లాండ్‌లో తల్లిదండ్రుల్ని పిల్లలే చూడాలన్న చట్టం లేదు, ఆ బాధ్యత సర్కారుది. మన దగ్గర పిల్లలే చూడాలని 2007లో చట్టం చేశారు, మా ఇంట్లో దాని పేరు కూడా ఎవరికీ తెలీదు, అవసరం పడలేదు. ఇక్కడ ఫిన్లాండ్‌లో రోజంతా సంరక్షణ ఇచ్చే గృహాల్లో ఒక్కొక్క వృద్ధుడికి కనీసం 0.65 మంది సిబ్బంది ఉండాలనే నిబంధనని 2025 నుంచి 0.6 చేశారు. అంటే పదిమందికి ఆరుగురు, అదీ అన్ని షిఫ్టులూ, వారాంతాలూ కలుపుకుని. పొద్దున్నే ఇద్దరు సెలవు పెట్టారంటే ఆ పెద్దాయనకి పావుగంట ఇవ్వలేం. గుండీలు మేమే టకటకా పెట్టేస్తాం. ఆయన ఏమీ అనడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సయించదు.

మామ్మ మంచం చుట్టూ మాత్రం ఎప్పుడూ నలుగురుంటారు. నాన్న, అమ్మ, పక్కింటి పిన్ని, బడి నుంచి రాగానే పిల్లలు. నాకు నేర్పిన పద్ధతికి అన్నిటికన్నా ముందు కావాల్సింది తీరిక, దగ్గర కూర్చునే మనుషులు. ఇక్కడ కొరతగా ఉన్నవి ఆ రెండే, మా ఇంట్లో దండిగా ఉన్నవీ ఆ రెండే. అరగంట పట్టినా విసుక్కోకుండా కబుర్లు చెబుతూ పక్కన కూర్చోవడం మా అత్త కన్నా బాగా ఎవరికొచ్చు? ఆ ముద్ద ఒక్కటి మామ్మ చేతికే వదిలేస్తే చాలు.

వచ్చేముందు అమ్మకీ, మామ్మని చూసుకునే ఆయాకీ కొన్ని చూపించాను. జాకెట్టు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేతిది చివర్న తీయాలి. అది చూసి నాన్న కూడా నేర్చుకున్నాడు. అన్నం సంగతి అత్తకి నిదానంగా ఫోన్లో చెప్పుకుంటాను, నాలుగు తిట్లు తిన్నా పరవాలేదు. ఆగనిది భుజం సంగతి. మామ్మని లేపడానికి ఇద్దరు చెరో చంకలో చెయ్యేసి లాగుతారు. పడిపోయిన వైపు భుజానికి కండ పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది. అది మాత్రం ఈ వారమే మానిపించాలి.