మూడు వేల రూపాయల సైకిలు, రామప్ప దారి

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు నుంచి సైకిలెక్కాను. పాలంపేట రామప్ప గుడి దాకా సుమారు 70 కిలోమీటర్లు. సైకిలు మా మేనమామది. తొంభైలలో గేర్ల మౌంటెన్ బైక్ అని మోజుపడి కొన్నాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు పశువుల కొట్టంలో పడి ఉంది. పాత ఇనుము కింద అమ్మబోతున్నారని తెలిసి తెచ్చుకున్నాను. మూడు వేలు దాటకుండా దాన్ని రోడ్డెక్కించాలని పట్టుపట్టాను.

ఆ గుడి ముందు నుంచే బయలుదేరడానికి కారణం ఉంది. అక్కడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, రాళ్లకు అంకెలు వేసి, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. నేను సైకిలు విప్పుతున్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ మండపమే. ప్రతి నట్టునూ ప్రతి వాషరునూ పొట్లం కట్టి అంకె వేశాను.

వరంగల్ చౌరస్తా వైపు ఒక చిన్న సైకిలు మరమ్మతు దుకాణం నడిపే కాకా నాకు పని నేర్పాడు. సీటు గొట్టం తుప్పుతో బిగుసుకుపోతే కిరసనాయిలు పోసి రెండు రోజులు వదిలేయమన్నాడు. మూడో రోజు అది కదిలింది. చెయిన్ మీద స్కేలు పెట్టి చూపించాడు: 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. మాది అంగుళంలో ఎనిమిదో వంతు సాగింది. అంత సాగితే ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాలు) పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చెయిన్ వేసినా జారుతుంది. రెండూ మార్చక తప్పలేదు, 700 రూపాయలు.

టైర్ల దగ్గర తప్పు చేశాను. 26 అంగుళాలని రాసి ఉంటే చాలనుకుని 26×1⅜ తెచ్చాను. అది కూర్చునే రిమ్ము అడ్డుకొలత 590 మిల్లీమీటర్లు, ఈ సైకిలు రిమ్ము 559. అంగుళాలు ఒకటే, చక్రాలు వేరు. వాటిని తిరిగిచ్చి 26×1.95 తెచ్చుకున్నాను. అవీ గట్టి ముళ్ల టైర్లు కావు, తారు రోడ్డు మీద హాయిగా దొర్లే నునుపువి. ట్యూబులతో కలిపి 1,100. బ్రేకు తీగలు, బ్రేకు రబ్బర్లు, బేరింగ్ గోళీలు, గ్రీజు, కాకా కూలి అన్నీ కలిపి మరో 950 అయ్యాయి. రంగు వేయించలేదు. తుప్పును గరుకు కాగితంతో రుద్ది, ఆ మచ్చల మీద రెడ్ ఆక్సైడ్ పూశాను. తక్కువ డబ్బు చేతిలో ఉన్నవాళ్లు ముందు రంగు మీద ఖర్చుపెట్టడం నాకు నచ్చదు. ఆ డబ్బు బ్రేకులకు, బేరింగులకు వెళ్లాలి.

పాత గేరు మీటలను మాత్రం వదులుకోలేదు. వాటిలో టిక్కు టిక్కుమనే మెట్లు ఉండవు, బొటనవేలితో జరిపి చెవితో సరిచూసుకోవాలి. అందుకే ఏ ఫ్రీవీల్‌తోనైనా కుదురుతాయి.

ఆత్మకూరు దాటేదాకా మంచు. రోడ్డు అంచున అక్కడక్కడా వడ్లు ఆరబోసి ఉన్నాయి, పక్కనే టార్పాలిన్ కప్పుకుని కాపలావాళ్లు నిద్రపోతున్నారు. మల్లంపల్లి తర్వాత ఎండ వచ్చింది, దానితో పాటే పెడల్ దగ్గర ఒక చప్పుడు మొదలైంది. తిప్పిన ప్రతిసారీ ఒక్క దెబ్బ. పెడల్ కడ్డీని, అంటే క్రాంకును, ఇరుసుకు బిగించే కొత్త కాటర్ పిన్ను కొంత దూరం తొక్కాక సర్దుకుని వదులవుతుందని, ఇరవై కిలోమీటర్లకోసారి చూడమని కాకా చెప్పాడు. నేను ఆగలేదు. ములుగులో ఒక పంక్చర్ దుకాణం ముందు క్రాంకు కింద కర్రదిమ్మ ఆనించి, పిన్నును సుత్తితో కొట్టి, ఆ తర్వాతే నట్టు బిగించాను. పట్టు ఇచ్చేది ఆ దెబ్బే, నట్టు పిన్నును జారకుండా ఆపుతుందంతే. చప్పుడు పోయింది. జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగాక చెయిన్ సరసర తప్ప మరేమీ వినిపించలేదు.

రామప్ప గుడిని 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శిఖరంలో వాడినవి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు. కింద ఇసుక నింపిన పునాది, పైన తక్కువ బరువు. బరువు దించడానికని ఇనుప స్టాండూ మడ్‌గార్డులూ ఊడదీసిన సైకిలు మీద వచ్చి ఆ శిఖరాన్ని చూస్తుంటే మెడ నొప్పెట్టేదాకా తల దించబుద్ధి కాలేదు. మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాల దగ్గర ఇంకో గంట గడిచింది.

చెరువు కట్ట మీద పులిహోర తిని కాకాకు ఫోను చేశాను.

"పిన్ను బిగించావా బిడ్డా?"

"ములుగులో బిగించాను కాకా."

"తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఒకసారి చూడు."

సంచిలోంచి సుత్తి తీశాను.