ముసురు పట్టిన రోజుల్లో చూసిన సిరీస్‌లు

హనుమకొండలో నాలుగు రోజులుగా ముసురు విడవకపోవడంతో, గడప దాటలేక అమ్మతో కలిసి మూడు సిరీస్‌లు చూశాను. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఆరు భాగాలే అయినా, లెక్కల మాస్టారైన తండ్రి పాత్రలో శివాజీ ప్రతి రూపాయినీ ఆచితూచి ఖర్చుపెట్టే తీరు చూసి, నాన్న గుర్తొచ్చి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పిల్లల మార్కుల చుట్టూ ఇల్లంతా ఎలా తిరిగేదో ఇంత నిజాయితీగా చూపిన తెలుగు సిరీస్ నేను మరొకటి చూడలేదు.

2020లో మొదలైన హిందీ ‘పంచాయత్’లో ఫులేరా గ్రామ కార్యదర్శి ఒంటరితనం మెల్లగా అనుబంధంగా మారుతుంటే, అటువంటి ఊరు మన పరకాల దారిలోనూ ఉంటుందనిపించింది. శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబెలో తీసిన ‘మాల్గుడి డేస్’ను ఒకప్పుడు దూరదర్శన్‌లో చూసిన అమ్మ, స్వామి అనే కుర్రాడి కథలను మాత్రం మళ్లీ పెట్టమని అడిగింది.