ఎడమకు ఒరిగిన బస్సు

మా బస్సు 2011 మోడల్. వెనక ఇంజను, ఎయిర్ సస్పెన్షన్, అంటే బాడీ గాలి నింపిన రబ్బరు సంచుల మీద నిలబడుతుంది. పెళ్లిళ్లకీ, తిరుపతి, శ్రీశైలం ట్రిప్పులకీ నేనే నడుపుతాను. మొన్న వానాకాలంలో ఒకరోజు తెల్లారి విజయవాడ పక్కన ఎనికేపాడులో పెట్టిన బండి దగ్గరకు వెళ్లేసరికి వెనక ఎడమ మూల కూర్చుండిపోయి ఉంది. టైరుకీ బాడీకీ మధ్య చెయ్యి దూరడం లేదు. స్టార్ట్ చేసి గాలి గేజి ఎనిమిదికి ఎక్కేదాకా ఆగితే మామూలుగా లేచింది. పాత బండి కదా, రాత్రిపూట కాస్త గాలి దిగుతుందిలే అనుకున్నాను. అలా రెండు వారాలు గడిచాయి.

తర్వాత నడుస్తున్నప్పుడు కూడా ఎడమకే ఒరగడం, లాగడం మొదలైంది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ "బాబూ, బండి పడిపోదు కదా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట చూపించిన షెడ్డులో బెలోస్, అంటే ఆ మూలన ఉన్న గాలి సంచి, పోయిందన్నారు. రబ్బరు మడతల్లో పగుళ్లు నా కంటికీ కనిపించాయి, నమ్మాను. కొత్తది వేయించాను. మర్నాడు పొద్దున చూస్తే మళ్లీ అదే మూల దిగి ఉంది.

అప్పుడు ఆటోనగర్‌లో వంద అడుగుల రోడ్డు దగ్గర పనిచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. మా నాన్న లారీ తిప్పే రోజుల నుంచీ తెలిసిన మనిషి, బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన బండి కిందికి తొంగి కూడా చూడకుండా ముందు నన్ను అడిగారు.

"గంటలో దిగుతోందా, తెల్లారేదాకా పడుతోందా?"

"చూడలేదు బాబాయ్."

"చూడకుండా సామాను ఎలా మార్పించావురా?"

సమంగా ఉన్న నేల మీద బండి పెట్టించి, గాలి ట్యాంకులు నిండాక ఇంజను ఆపించారు. నాలుగు మూలలా నేల నుంచి బాడీ అంచుదాకా టేపుతో కొలిచి సుద్దతో టైర్ల మీదే రాశారు. అరగంటకోసారి మళ్లీ కొలత. మొదటి గంట ఏమీ కదల్లేదు. రెండో గంటలో వెనక ఎడమ నాలుగు సెంటీమీటర్లు దిగింది, మిగతా మూడూ అలాగే ఉన్నాయి. సస్పెన్షన్ ట్యాంకులో గాలి ఉన్నంతసేపూ లీకైనదాన్ని అదే పూడుస్తూ వచ్చిందనీ, అది అయిపోయాకే మూల దిగడం మొదలైందనీ ఆయన చెప్పారు. బ్రేకు గేజి మాత్రం కదల్లేదు. బ్రేకుల గాలి బయటికి పోకుండా ప్రొటెక్షన్ వాల్వు కాపాడుతుంది కాబట్టి, బ్రేకు గేజి బాగుందని సస్పెన్షన్ కూడా బాగున్నట్టు కాదు. ఇన్నేళ్లు బండి నడుపుతూ నేను ఈ సంగతి ఆలోచించనే లేదు.

కిందికి దూరబోతే చెయ్యి పట్టి ఆపారు. యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, కింద జాకీ పెట్టినంత మాత్రాన బాడీ ఆగదు. గాలి ఒక్కసారి పోతే బాడీ మొత్తం యాక్సిల్ మీదికి దిగుతుంది, మధ్యలో మనిషి తల ఉన్నా సరే. ఛాసిస్‌కీ నేలకీ మధ్య గట్టి చెక్క దిమ్మలు నిలబెట్టి, బరువు వాటి మీదికి వచ్చిందని చూసుకున్నాకే కుర్రాణ్ణి పంపారు. మొదటి షెడ్డులో ఈ దిమ్మలు లేకుండానే పని జరిగింది. నేనూ ఆ రోజు కింద దూరాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సర్ఫు నీళ్లు బ్రష్షుతో పూస్తూ వెళ్లాం. కొత్త బెలోస్ మీద, పైపు జాయింట్ల దగ్గర ఏమీ లేదు. బాడీ ఎత్తును బట్టి బెలోస్‌లోకి గాలి ఎక్కించి, వదిలే లెవలింగ్ వాల్వు కింద, గాలి బయటికి వదిలే రంధ్రం దగ్గర మాత్రం సన్నటి నురగ వచ్చింది. బాబాయ్ వాల్వు చెయ్యిని యాక్సిల్‌కి కలిపే లింకు రాడ్డు ఊడదీసి వాల్వు చెయ్యిని వేలితో పైకి ఎత్తితే గాలి లోపలికి ఎక్కింది, కిందికి నొక్కితే బుస్సుమని బయటికి పోయింది. మధ్యలో వదిలితే చప్పుడు ఉండకూడదు. చెవి పెట్టి వినమన్నారు. సన్నగా, ఆగకుండా, సూదిబెజ్జంలోంచి ఊదినట్టు వినిపించింది.

వాల్వు విప్పితే లోపల బూడిదరంగు నీళ్లు, నూనె జిడ్డు. గాలిలోని తేమను పట్టే ఎయిర్ డ్రైయర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చానో నాకే గుర్తు లేదు. గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు పోయేలా డ్రెయిన్ లాగడం కూడా మానేశాను. లింకు రాడ్డు కింది కీలు అరిగి వదులుగా ఊగుతోంది. బాడీ బాగా దిగితే గానీ వాల్వు చెయ్యి కదలదు, నడిచేటప్పుడు ఒరగడం అందుకే. వాల్వు, లింకు, ఫిల్టర్ మూడూ మార్చాం.

లెవెల్ సరిపోయింది గానీ బండి ఇంకా ఎడమకు లాగుతూనే ఉంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా కొలిస్తే, ఎడమ వైపు ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. యాక్సిల్‌ను నిలబెట్టే టార్క్ రాడ్డు బుష్షులు పోయాయి. గడ్డపారతో తోస్తే రబ్బరు పక్క నుంచి వెలుతురు కనిపించింది. కొత్త బుష్షులు ప్రెస్సులో ఎక్కించాక కూడా బాబాయ్ బోల్టులు వెంటనే బిగించనివ్వలేదు. ముందు గాలి నింపి, కంపెనీ పుస్తకంలో ఉన్న ఎత్తుకు బండిని తెచ్చి, అప్పుడు బిగించారు. దిగి ఉన్నప్పుడు బిగిస్తే, లేచాక రబ్బరు మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుందట.

సాయంత్రం ఖాళీ బండితో కాజ టోల్‌గేటు దాటి గుంటూరు దాకా వెళ్లి వచ్చాను. స్టీరింగ్ వదులుగా పట్టుకున్నా తిన్నగా వెళ్లింది. ఎనికేపాడులో పెట్టి టేపుతో నాలుగు మూలలూ కొలిచి సుద్దతో రాసి ఇంటికి వెళ్లాను. తెల్లారి ఆరింటికి మళ్లీ కొలిచాను. సుద్ద అంకెలు మార్చాల్సిన పని రాలేదు.