మునిగిన ఊరి దర్వాజకు పర్మిట్: నా అనుభవం

పాత టేకు దర్వాజను తరలించడానికి అటవీ శాఖ ఇచ్చే పర్మిట్ చేతికొచ్చింది. సరుకు జడ్చర్లలో మా దుకాణం ముందు దిగింది. ఒంటి నొప్పులూ తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. ఈ వ్యాపారంలోకి దిగాలనుకునే వాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి, ముఖ్యంగా టేకు జోలికి పోయేవాళ్లకు.

నేను పాత సామాను కొని, బాగుచేయించి, దుకాణంలో పెట్టి అమ్ముతాను. హైదరాబాద్‌లో కేఫ్‌లు పెట్టేవాళ్లు, ఊరి బయట ఫామ్‌హౌస్‌లు కట్టుకునేవాళ్లు ఇప్పుడు పాత దర్వాజలు, సందుగలు, గిర్నీల పుల్లీలు, ఆఫీసుల్లో వాడి పారేసిన స్టీలు ర్యాకులు వెతుక్కుంటూ వస్తున్నారు. మన ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఇలాంటి సరుకుకు కొదవ లేదు. వెతికే ఓపిక ఉండాలి, అంతే.

ఇనుప సామాను సంగతి తేలిక. మిర్యాలగూడలో ఎటు చూసినా రైసుమిల్లులే. వెనకట ఒక్క ఇంజన్‌తో పైనున్న పొడుగాటి షాఫ్టు తిరిగేది, దానికి తగిలించిన బెల్టులతో కింద మిషన్లన్నీ నడిచేవి. ఒక్కో మిషన్‌కు ఒక్కో మోటారు వచ్చాక ఆ షాఫ్టులు, పెద్ద పెద్ద పుల్లీలు మూలన పడ్డాయి. మిల్లు యజమానిని మర్యాదగా అడిగితే చూపిస్తాడు. స్క్రాప్ దుకాణాలకైతే తెల్లారగట్లే పోవాలి, ఆలస్యమైతే గ్యాస్ కట్టర్ పెట్టేస్తారు. పోత ఇనుము సామానును సుత్తితో మెల్లగా కొట్టి చూడండి. గణగణమని మోగితే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టే, దాన్ని మామూలు వెల్డింగ్ రాడ్డుతో అతికించలేరు. కిలో లెక్కన మాట్లాడకండి, వస్తువు లెక్కన మాట్లాడండి. కిలో లెక్క ఎత్తారంటే సేటుకు కాంటా గుర్తొస్తుంది, ఆ తర్వాత బేరం మీ చేతిలో ఉండదు.

స్కూళ్ల, ఆఫీసుల పాత ఫర్నిచర్ వేలంలో ఆల్విన్ కుర్చీలు, బీరువాలు కనబడితే వదలొద్దు. 1942లో హైదరాబాద్‌లో పుట్టిన కంపెనీ అది. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసిన ఆ కంపెనీ స్టీలు ఫర్నిచర్ కూడా చేసింది. రేకు మీది పాత లేబుల్‌ను గోకి రంగేసే పని మాత్రం చేయకండి, కొనేవాడు చూసేది దాన్నే.

జీఎస్టీ గురించి అందరూ టెన్షన్ పడతారు కానీ నాకు అన్నిటికంటే సులువుగా అయింది అదే. మన రాష్ట్రంలో సరుకుల వ్యాపారానికి ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. వాడిన వస్తువులు కొని అమ్మేవాళ్లకు జీఎస్టీ రూల్స్‌లోని 32(5) నిబంధన కింద కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను. కొన్నదాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకూడదు, వస్తువు స్వరూపం మారిపోయేంత పని చేయకూడదు. మంచి అకౌంటెంట్ ఉంటే ఒక పూట పని.

ఇక అసలు విషయానికి వస్తాను.

1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్లు వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డున ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను విప్పి గట్టు మీద మళ్లీ కట్టారు. గుళ్లను సర్కారు చూసుకుంది. ఇళ్లను చూసుకునేవాళ్లు ఎవరు? ఇంటివాళ్లే దర్వాజలు, దూలాలు, స్తంభాలు పీక్కుని బండ్ల మీద వేసుకుని పైకి వచ్చారు. కొల్లాపూర్ వైపు పునరావాస కాలనీల్లో వాటిని మళ్లీ నిలబెట్టి ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఇళ్లు కూడా పాతబడ్డాయి, పిల్లలు స్లాబులు పోస్తున్నారు, టేకు మళ్లీ వాకిట్లో పడుతోంది.

అలాంటి ఇంట్లోనే నాకు ఈ దర్వాజ దొరికింది. రెండు రెక్కలు, పైకమ్మి మీద తామరపువ్వు, దానికి అటూ ఇటూ చిలకలు, మందమైన గడప. దాంతోపాటు నాలుగు స్తంభాలు, కొన్ని దూలాలు. ఇంటి తాత ధర చెప్పాడు, అవ్వ ఇంకొంచెం పెంచింది, నేను ఒప్పుకున్నాను. ఒకసారి ఊరు పోగొట్టుకున్న వాళ్ల దగ్గర దర్వాజకు గీచిగీచి బేరమాడటం నాకు చేతకాదు. అలా ఆడేవాళ్లను చూశాను, వాళ్లతో నాకు పొత్తు లేదు.

కొనకముందే నేను అటవీ ఆఫీసుకు పోయి అడిగాను. ఏ ఆఫీసో రాయను. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు: "పాత ఇంటి కట్టెకు ఏముంటదన్నా, పంచాయతీ కాగితం పెట్టుకో, ఎవ్వరూ ఆపరు." సరే అని పంచాయతీ కార్యదర్శితో లెటరు రాయించుకున్నాను, ఇంటి పన్ను రశీదు తీసుకున్నాను, స్టాంపు కాగితం మీద అమ్మకం రాయించుకున్నాను, విప్పకముందు దర్వాజ గోడలో ఉండగా ఫొటోలు తీశాను. ఇన్ని కాగితాలతో సరుకును డీసీఎం వ్యాన్ ఎక్కించాం. తాత నాగర్‌కర్నూల్‌లో బిడ్డ ఇంటికి పోవాలంటే కేబిన్‌లో నా పక్కనే కూర్చున్నాడు.

దారిలో అటవీ శాఖ చెక్‌పోస్టు. "ఏం లోడు?" అన్నారు. పాత ఇంటి దర్వాజ సార్ అన్నాను. "దించు. టేకు దొంగలందరూ పాత ఇల్లు అనే చెప్తరు." కాగితాలు చూపిస్తే వాటి వంక చూడలేదు. "ట్రాన్సిట్ పర్మిట్ ఏది?" పర్మిట్ అక్కర్లేదని వాళ్ల ఆఫీసులోనే చెప్పారన్నాను. "ఎవరు చెప్పిండ్రు? రాసిచ్చిండ్రా?"

అందులో ఒకతను గొడ్డలి తెచ్చాడు. కొత్త కట్టెనో పాత కట్టెనో చూస్తానని గడప మీద కాలు పెట్టి, గొడ్డలితో ఒక్క దెబ్బ వేశాడు. ఆ గడపకు ఎన్నేళ్ల పసుపు ఉందో, పెచ్చుపెచ్చులుగా లేచి పడింది. మధ్యమధ్యలో కుంకుమ బొట్లు, ఒకదాని మీద ఒకటి పొరలుగా. తాత కేబిన్ దిగి వచ్చాడు. "గడప మీద గొడ్డలి పెట్టకు నాయినా, మా అమ్మ దినాం పసుపు రాసిన గడప అది" అన్నాడు. ఆ మనిషి విననట్టే గాటులోకి టార్చి కొట్టి, "చూడండి సార్, లోపల పచ్చగుంది, కొత్త కట్టె" అన్నాడు.

టేకు గురించి తెలిసిన ఎవరికైనా ఈ మాటకు ఒళ్లు మండుతుంది. టేకును ఎప్పుడు కోసినా లోపల బంగారు రంగే ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలిన పైపొరే ముదురు రంగుకు తిరుగుతుంది. నూరేళ్ల దూలాన్ని చిత్రిక పట్టినా అదే రంగు, అదే నూనె వాసన. అడవిని కాపాడాల్సిన వాళ్లకు ఈ మాత్రం తెలియకపోతే ఎలా? చెప్పబోతే, "నువ్వు నాకు పాఠం చెప్తవా?" అన్నారు. నన్నూ తాతనూ కట్టె పక్కన నిలబెట్టి ఫోన్లో ఫొటో తీశారు, పేపర్లో స్మగ్లర్ల ఫొటో వస్తుందే, అచ్చం అట్లాగే. తాత తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి. ఆ నిలబడటం నేను ఈ జన్మలో మరిచిపోను, తీసిన వాళ్లను క్షమించను.

సరుకు అక్కడే ఆపేశారు. ఒకతను నన్ను పక్కకు పిలిచి, ఎంతో కొంత చూసుకుంటే రాత్రికే పోవచ్చని సైగ చేశాడు. ఇవ్వలేదు. ఇస్తే ఆ దర్వాజ దొంగసొమ్మని నేనే ఒప్పుకున్నట్టు.

తెల్లారి పర్మిట్ కోసం ఆఫీసుకు పోయాను. టేకు కదిలించాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల కింద పర్మిట్ కావాలి, అందులో నాకు పేచీ లేదు. నల్లమల పక్కనే ఉంది, చెట్లు కొట్టుకుపోయేవాళ్లు నిజంగానే ఉన్నారు, కాపలా ఉండాల్సిందే. పేచీ అల్లా వాళ్లు నా ముందు పెట్టిన దరఖాస్తుతోనే. చెట్టు ఏ సర్వే నంబరులోది, ఎన్ని చెట్లు, పట్టాదారు ఎవరు అని అడుగుతుంది అది. చెట్టు కొట్టింది తాత వాళ్ల తాత కాలంలో, ఎక్కడ కొట్టారో ఎవరికీ తెలియదు. పోనీ ఇల్లున్న జాగా నంబరు రాద్దామంటే ఆ జాగా నీళ్ల కింద ఉంది.

"అయితే ఆ ఊరి పహాణీ పట్టుకురా" అన్నాడు గుమాస్తా. పహాణీ అంటే భూమి ఎవరిదో రాసుండే రెవెన్యూ రికార్డు. ముందు పంచాయతీ కాగితం ఒక్కటి చాలన్న మనిషే! రెవెన్యూ ఆఫీసుకు పోతే మునిగిన ఊరి రికార్డులు మా దగ్గర ఉండవన్నారు, ప్రాజెక్టు వాళ్లను అడగమన్నారు. ప్రాజెక్టు వాళ్లు మళ్లీ రెవెన్యూకే పొమ్మన్నారు. ప్రతి చోటా ఒకటే ప్రశ్న: "ఊరు లేదంటున్నవు, మరి దర్వాజ ఎక్కడిది?" నలభై ఏళ్లకు పైగా ఆ మనుషులు మన మధ్యే ఉన్నారు, ఓట్లేస్తున్నారు, పన్నులు కడుతున్నారు. వాళ్ల ఊరు ఒకప్పుడు ఉండేదని రుజువు చేయమంటే ఏం తెస్తారు?

తెచ్చింది అవ్వ. సందుగ అడుగున గుడ్డలో చుట్టి దాచిన కాగితం, అప్పట్లో ఇంటికి నష్టపరిహారం లెక్కగట్టినప్పటిది. మడతల దగ్గర చినిగింది కానీ అక్షరాలు చదవొచ్చు. మట్టి మిద్దె, టేకు దూలాలు, టేకు స్తంభాలు, రెండు రెక్కల దర్వాజ అన్నీ రాసి ఉన్నాయి, కింద సర్కారు ముద్ర. ఆ కాగితం బల్ల మీద పెట్టినప్పుడు గుమాస్తా నోట మాట లేదు. నాకు ఆ ఒక్క నిమిషం చాలు.

తర్వాత సరుకు చూడటానికి అటవీ శాఖ బీట్ ఆఫీసరు ఒకామె వచ్చింది, చిన్న వయసే. గొడ్డలి అడగలేదు. టేపు పట్టుకుని ఒక్కో ముక్క పొడవు, చుట్టుకొలత రాసుకుంది. దూలాల మీద వాసాలు కూర్చోవడానికి తొలిచిన గుంటలు, పాత మేకుల చుట్టూ తుప్పు మరకలు, వంటింటి వైపు దూలానికి పట్టిన పొగ మసి వేలితో తడిమి చూసింది. "ఇది ఇంట్లో ఉన్న కట్టెనే తాతా, కనబడుతుంది కదా" అంది. రిపోర్టులో ఇవన్నీ రాసింది. ఆమెలాంటి వాళ్లు నలుగురుంటే ఆ శాఖ బాగుపడుతుంది. పర్మిట్ అలా వచ్చింది. అందులో రాసిన బండి ఈలోగా వేరే కిరాయికి పోవడంతో బండి నంబరు మార్పించడానికి మళ్లీ తిప్పారు. బండి నంబరు, తేదీలు తేడా ఉంటే ఆ పర్మిట్ చెల్లదు, అది గుర్తుపెట్టుకోండి.

పాత టేకు కొనేవాళ్లు ఇంటిని విప్పకముందే దరఖాస్తు ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. గుమాస్తా నోటిమాట చెక్‌పోస్టు దాకా రాదు. పంచాయతీ లెటరులో "పాత కలప" అని ఊరికే రాయిస్తే చాలదు, ఎన్ని ముక్కలు, ఒక్కోటి ఎంత కొలత అన్నది ఉండాలి. దర్వాజ గోడలో నిలబడి ఉండగా, ఇంటివాళ్లు పక్కన ఉండగా ఫొటో తీయండి. ముంపు ఊళ్ల వాళ్లయితే పరిహారం కాగితం ఉందేమో అడగండి. ఇంకొకటి, వందేళ్లు దాటిన కళాత్మక వస్తువులు అమ్మాలంటే 1972 పురావస్తు చట్టం కింద లైసెన్సు కావాలి. విగ్రహాలు, గుడి సామాను ఎవరు తెచ్చినా నేను ముట్టను.

ఇంత కష్టపడి తెస్తే, హైదరాబాద్ బ్రోకర్లు ఇలాంటి దర్వాజలనే కారైకుడి సరుకని చెప్పి రెట్టింపు ధరకు అమ్ముతున్నారు. పాలమూరు వడ్లవాళ్లు (వడ్రంగులు) చెక్కిన దానికి తమిళనాడు పేరు ఎందుకు? నా దుకాణంలో ఏ దర్వాజ ఏ ఊరిదో చీటీ మీద రాసి ఉంటుంది. ఈ దర్వాజకు మునిగిన ఊరి పేరే రాశాను, పరిహారం కాగితం జిరాక్స్ కూడా పక్కన పెట్టాను. గొడ్డలి గాటును మా వడ్ల మేస్త్రి టేకు పొట్టు, జిగురు కలిపి పూడ్చాడు. మిగిలిన పసుపును గీకొద్దని చెప్పాను.

ఇప్పుడు వనపర్తి, గద్వాల వైపు మూతపడ్డ జిన్నింగ్ మిల్లులు చూస్తున్నాను. పైన షాఫ్టు, పుల్లీలు ఇంకా వేలాడుతున్న షెడ్డు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఇనుముకు అటవీ పర్మిట్ గొడవ లేదు, బిల్లు ఉండి, సరుకు విలువ 50,000 దాటితే జీఎస్టీ వాళ్ల ఈ-వే బిల్లు (సరుకు రవాణా చీటీ) ఉంటే చాలు. డీసీఎం, కూలీలు నావే, డబ్బు విప్పకముందే ఇస్తాను.