పామర్‌స్టన్‌లో ఒక శనివారం

శనివారం.

పామర్‌స్టన్ అంటే పసిఫిక్ సముద్రంలో, కుక్ దీవుల్లో ఒక చిన్న పగడాల దీవి. గాలి ఇంకా తూర్పు నుంచే. ఇక్కడ పొద్దున్న లేవగానే చూసుకోవాల్సింది అదే. రీఫ్, అంటే దీవి చుట్టూ ఉన్న పగడాల గట్టు, దాటగానే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది, లంగరు నిలవదు. పడమటి వైపు ఊరివాళ్ళు అడుక్కి కట్టి నీళ్ళ మీద తేలేలా వేసిన బోయలకే మా తెరచాప పడవని కట్టాం. గాలి గానీ తిరిగి పడమర నుంచి వీచిందంటే పడవ రీఫ్ మీదికే పోతుంది. ఆ సూచన కనిపిస్తే అర్ధరాత్రైనా సరే, తాడు విప్పుకుని వెళ్ళిపోవాలి.

ఇంటాయన తన అల్యూమినియం బోటులో వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళాడు. వచ్చిన పడవకి ముందుగా ఎవరు ఎదురొస్తే, ఉన్నన్నాళ్ళూ అందులో వచ్చినవాళ్ళు ఆ ఇంటి చుట్టాలే. అది ఈ ఊరి పద్ధతి. రీఫ్ లోపలుండే ఉప్పునీటి మడుగు, లగూన్‌లోకి దారి చాలా సన్నం. ఆయన నిలబడి నీళ్ళ రంగు చూసుకుంటూ పగడాల మధ్య నుంచి పోనిచ్చాడు.

ఊళ్ళో దాదాపు అందరిదీ మార్‌స్టర్స్ అనే ఇంటిపేరే. 1863లో విలియం మార్‌స్టర్స్ అనే ఇంగ్లీషాయన ఇక్కడ కాపురం పెట్టాడు. భార్యలు ముగ్గురు. ఆయన 1899లో పోయాడు గానీ ముగ్గురి సంతానానికీ వేసిన మూడు వాటాలు ఇప్పటికీ చెల్లుతున్నాయి.

మధ్యాహ్నం దాకా చేపలు బాగుచేయడమే పని. నీలం, ఆకుపచ్చ కలిసిన చిలక చేపలు. ఇంటాయన తల వెనక కత్తి దించి, వెన్నుముల్లు వెంబడే ఒక్క లాగులో కండ తీసేస్తాడు. చర్మం ఊడదీసి సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెడతారు. ఓడ వచ్చినప్పుడు కుక్ దీవుల్లో పెద్దదైన రారొటోంగా పంపించాలి. అది ఇక్కడికి 500 కిలోమీటర్లు. విమానం దిగే చోటు లేదు, సరుకుల ఓడ ఏడాదికి కొన్నిసార్లే వస్తుంది.

అందుకే భోజనంలో అన్నం చూసి ప్రాణం ఉసూరుమంది. మేం తెచ్చిచ్చిన బియ్యమే, కొబ్బరిపాలు పోసి మాకే వండేశారు. దాచుకోండమ్మా అన్నాను. ఓడ రాకపోతే అప్పుడు చూసుకుంటాంలే అంటూ ఇంటావిడ ఇంకో గరిటె వడ్డించింది. తర్వాత మొలకెత్తిన కొబ్బరికాయ పగలగొట్టి లోపలి పువ్వు చేతిలో పెట్టింది. మనింట్లో కొట్టిన కాయలో పువ్వొస్తే శుభమని తలా కాస్త పంచుకుంటాం. ఇక్కడ పిల్లలు ఆ కాయలు ఏరుకొచ్చి ఆకలేసినప్పుడల్లా తింటారు. కాస్త తియ్యగా, దూదిలా, ఎంత బాగుందో.

వీళ్ళకి ఉన్నది తక్కువని నాకొక్కసారీ అనిపించనివ్వలేదు. నేనైతే ఇలా పెట్టగలనా అని అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

రేపు ఆదివారం, చేపల వేట ఉండదు, అందరూ చర్చికే. ఆడవాళ్ళకి టోపీ ఉండాలట. లేత కొబ్బరాకుతో అల్లిన తన టోపీ ఒకటి ఇంటావిడ నాకు పెట్టి చూసింది. వదులుగా ఉందని లోపల గుడ్డముక్క మడిచి కుట్టి ఇచ్చింది.